ఇంటి పేజీ

నాన్న వస్తున్నాడంటే మా ఇంట్లో మొదట జరిగే పని బీరువా విడదీయడం. మామూలు రోజుల్లో అందులో అన్నీ కలిసే ఉంటాయి. నావీ దానివీ అని లేదు, పొద్దున్నే ఎవరి చేతికి ఏది తగిలితే అది తొడుక్కుని పోతాం. నాన్న ఫోన్ పెట్టేయగానే బట్టలన్నీ మంచం మీద కుప్ప పోసి, రెండు గుట్టలు చేసి, దాని గుట్ట మోసుకెళ్ళి పక్కగదిలో సర్దుతాను. ఆ గదిలో ఒక మంచం ఉంది, దాని మీద ఎవరూ పడుకోరు. దుప్పటి కావాలని నలుపుతాను. దిండు మధ్యలో గుంట పడేలా గుద్దుతాను. బల్ల మీద దాని దువ్వెన పెట్టి, అందులో నాలుగు వెంట్రుకలు ఉన్నాయో లేవో చూసుకుంటాను. "వెంట్రుకలు కూడానా? వచ్చేది మీ నాన్నా, పోలీసులా?" అని నవ్వుతుంది అది. పోలీసులైతే నేనింత భయపడను.

అది అంటే నిచ్చెన. ఆరడుగులకి రెండంగుళాలే తక్కువ, అందుకని ఆ పేరు నేనే పెట్టాను. పిల్లలకి ఈత నేర్పుతుంది. ఎనిమిదేళ్ళుగా మేం ఒక్క ఇంట్లో, ఒక్క మంచం మీద, ఒకరి జ్వరానికి ఒకరు సెలవు పెట్టుకుంటూ బతుకుతున్నాం. నాన్నకి మాత్రం అది 'అద్దె పంచుకునే అమ్మాయి'. నేను పనిచేసే పళ్ళ డాక్టరు దగ్గరైతే అసలు లేనే లేదు. "నీకేం, పెళ్ళా పిల్లలా, ఆదివారం నువ్వొచ్చెయ్" అంటాడాయన ప్రతి వారం. నాకూ ఇంట్లో ఎదురుచూసే మనిషుందండీ అని నోటిదాకా వస్తుంది. మింగేసి, సరే సార్ అంటాను. మింగడం నాకు అమ్మ నేర్పిన విద్య.

మా అమ్మ ఊపిరి తీసుకున్నన్నిసార్లు ఒక మాట అనేది: "నాన్నకి తెలిస్తే ఇంకేమైనా ఉందా!" పాలు పొంగినా అదే మాట, నాకు మార్కులు తగ్గినా అదే మాట. నాన్న చెప్పుల చప్పుడు గుమ్మంలో వినపడితే చాలు, నవ్వుతున్న మనిషి నోరు టక్కున మూసేసేది. నాన్న దర్జీ. షాపు బోర్డు మీద ఆయన పేరు, దాని కింద అన్నయ్య పేరు. చొక్కాలకి కాజాలు కుట్టేది మాత్రం అమ్మ. వంటయ్యాక ఇరవై, అంట్లయ్యాక ఇంకో ఇరవై. "ఇంట్లో ఖాళీగానే కదా ఉంటావ్" అనేవాడు నాన్న, ఆ కట్ట ఒళ్ళో పడేస్తూ. ముప్పై ఏళ్ళు అలా ఖాళీగా ఉండీ ఉండీ అమ్మకి ఒక కన్ను మసకేసింది. మూడేళ్ళ క్రితం ఆవిడ పోయింది. ఆవిడ భయం మాత్రం పోలేదు, ఉన్న ఆస్తి అంతా నాకే ఇచ్చినట్టు ఇచ్చి వెళ్ళింది.

చిన్నప్పుడు షాపులో నా పని కొలతలు రాయడం. నాన్న టేపు పెట్టి చెప్పేవాడు, నేను పొడుగాటి పుస్తకంలో రాసేదాన్ని. తప్పు రాస్తే కర్ర స్కేలు వేళ్ళ మీద పడేది. ఆ పుస్తకంలో మొదటి పేజీ ఇంటి పేజీ. బయటివాళ్ళ కొలతలు అందులో రాయనివ్వడు. అమ్మ, బాబాయి, అన్నయ్య, నేను. వదిన కాపురానికొచ్చిన రోజే ఆవిడకీ ఆ పేజీలో చోటు దొరికింది. నా పేరు పక్కన నాన్నే 'అల్లుడు' అని రాసి, కింద నాలుగు వేళ్ళ మేర ఖాళీ వదిలాడు. నాకప్పుడు పదహారేళ్ళు. బాబాయి పేరు మీద మాత్రం ఎర్ర పెన్సిలు గీత ఉంటుంది. నాన్న కుదిర్చిన సంబంధం కాదని, మొగుణ్ణి వదిలేసి వచ్చినావిడని చేసుకున్నాడు బాబాయి. తర్వాత ఒక పొద్దున నాన్న పుస్తకం తెప్పించుకుని, నేను చూస్తుండగానే, ఆ చివర నుంచి ఈ చివరదాకా గీత కొట్టేశాడు. ఇరవై ఏళ్ళు పలకరింపు లేదు. అమ్మ పోయిన రోజు బాబాయి గేటు బయట నిలబడి ఏడుస్తుంటే, లోపలికి రమ్మని ఒక్క మాట అనలేదు. చచ్చిపోయిన అమ్మ పేరు మీద గీత లేదు, బతికున్న తమ్ముడి పేరు మీద ఉంది. అది చూసి పెరిగినదాన్ని. ఆ గీత నా పేరు మీద పడటమే నా భయమంతా. ముప్పై ఆరేళ్ళొచ్చాయి, జుట్టులో తెల్లవెంట్రుకలొచ్చాయి, ఇంకా ఒక పెన్సిలు ముక్కకి వణుకుతాను. సిగ్గుగానే ఉంటుంది.

కంటి పరీక్షల కోసం నాన్న మా ఊరు రావడం పోయినేడు మొదలైంది. మొదటిసారే కొంప మునిగింది. గదులన్నీ సర్దాను, దువ్వెనలో వెంట్రుకలు పెట్టాను, బాల్కనీలో తీగ మీద ఆరుతున్న చొక్కా మర్చిపోయాను. నాన్న నాకు కుట్టిన నీలం చొక్కా. నేను టీ పట్టుకెళ్ళేసరికి ఆయన దాని భుజం కుట్టు మీద బొటనవేలు పెట్టి రుద్దుతున్నాడు. కళ్ళు మసకైతేనేం, ఆయన చూసేది వేళ్ళతో.

"ఇది నువ్వొక్కదానివే వేసుకుంటున్నావా?"

"ఉతికి ఉతికి సాగింది నాన్నా."

"నేను కుట్టింది సాగదు," అన్నాడు. "లోపల పెద్ద భుజం ఉంటే తప్ప."

 వంటింట్లో నిచ్చెన, తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా నిలబడింది. నాన్న ఇంకేం అడగలేదు. రెండు రోజులుంటానన్న మనిషి ఆ మధ్యాహ్నమే బస్సెక్కాడు. తర్వాత నలభై రోజులు ఫోన్ లేదు. నేను చేస్తే అన్నయ్య ఎత్తి, "నాన్న పనిలో ఉన్నాడు" అనేవాడు. ఆ నలభై రోజులూ నాకు కళ్ళు మూస్తే ఆ పేజీయే కనపడేది. పళ్ళ డాక్టరు దగ్గర ఒకరి అపాయింట్‌మెంట్ ఇంకొకరికి రాసి తిట్లు తిన్నాను. "చెప్పేద్దాం, తిడితే తిడతాడు" అంది నిచ్చెన. "నీకేం తెలుసు మా నాన్న సంగతి!" అని దాని మీద అరిచాను. పాపం, అదేం చేసింది? భయపడేవాళ్ళు కోపమంతా భయపెట్టనివాళ్ళ మీదే చూపిస్తారేమో.

రెండోసారి వచ్చినప్పుడు పళ్ళ డాక్టరు నాకు సెలవివ్వలేదు. నాన్నని కంటి ఆసుపత్రికి నిచ్చెనే తీసుకెళ్ళింది. ఆ రోజంతా నేను గడియారం చూస్తూ చచ్చాను. కళ్ళలో మందు చుక్కలు వేశాక ఏమీ కనపడక, మెట్లు దిగడానికి నాన్న దాని భుజం పట్టుకున్నాడట. రెండంతస్తులు అలాగే దిగారట. "మీకేమవుతుంది?" అని నర్సు అడిగితే, "తెలిసిన పిల్ల" అన్నాడట. ఇంటికొచ్చాక అది నవ్వుతూనే చెప్పింది గానీ, ఆ నవ్వు కళ్ళదాకా పోలేదు. దాని ప్లేటులో అన్నం అలాగే ఉండిపోయింది. ఎనిమిదేళ్ళకి దానికి దక్కిన చుట్టరికం 'తెలిసిన పిల్ల'. అది నా చేతకానితనం, నాన్నది కాదు.

నాన్న వెళ్ళిపోయాక బీరువా మళ్ళీ కలిపేస్తుంటే నీలం చొక్కా కనపడింది. భుజాలూ చంకలూ విప్పి చేత్తో కొత్తగా కుట్టి ఉన్నాయి, మేం పనుల్లోకి వెళ్ళిన వేళ కాబోలు. నాన్న ఎప్పుడూ కుట్టు లోపల అంగుళం గుడ్డ దాస్తాడు. ఆ దాచినదంతా వదిలేశాడు. నేను వేసుకుంటే జోలెలా వేలాడింది. నిచ్చెన వేసుకుంటే అతికినట్టు కూర్చుంది. "చూశావా!" అని అద్దం ముందు గిర్రున తిరిగింది అది. నాకు మాత్రం ఎర్ర పెన్సిలు గుర్తొచ్చింది. అంటే తెలిసిపోయింది. తెలిసీ ఏమీ అనలేదంటే, ఏమనాలో ఆలోచిస్తున్నాడన్నమాట. బాబాయి విషయంలోనూ మూడు వారాలు నోరు విప్పలేదు.

ఇవాళ మూడోసారి వచ్చాడు. సంచి ఎప్పటికంటే బరువుగా ఉంది, నన్ను ముట్టుకోనివ్వలేదు. మెడలో టేపు. షాపు మూసేస్తున్నాను అన్నాడు, కూర్చుంటూనే. కళ్ళిక పనికి రావట. నేను టీ ఇచ్చాను. పక్కగదిలో దుప్పటి సరిగ్గా నలిగిందో లేదో అని నా ప్రాణమంతా అక్కడే ఉంది. నిచ్చెన ఈతకొలను నుంచి తడి జుట్టుతో వచ్చి, నాన్నని చూసి గుమ్మంలోనే ఆగింది.

"లోపలికి రా," అన్నాడు నాన్న. "నీ ఇంట్లో నువ్వు గుమ్మంలో నిలబడతావేం?"

తర్వాత నావైపు తిరిగి, "సంచిలో పుస్తకముంది, తియ్యి. పక్క అరలో ఎర్ర పెన్సిలుంది, అదీ తియ్యి," అన్నాడు.

 అదే పుస్తకం, అట్ట మీద అదే నూనె మరక. పెన్సిలు అరిగి బొటనవేలంతైంది. అందిస్తుంటే నా చేతిలోంచి జారి కింద పడి దొర్లింది. నిచ్చెన వంగి తీసి నాన్న చేతిలో పెట్టింది. దానికేం తెలుసు, కత్తి అందిస్తున్నానని? 

నాన్న ఇంటి పేజీ తెరిచి ముక్కుకి ఆనించినట్టు పట్టుకున్నాడు. "మీ బాబాయి పోయిన నెల పోయాడట. షాపుకొచ్చినవాడెవడో చెప్తే తెలిసింది," అన్నాడు. ఎర్ర గీత మీద వేలు పెట్టాడు. "వాడి కొలతలు నాకింకా నోటికొస్తున్నాయి. ఛాతీ ముప్పై ఎనిమిది, చెయ్యి ఇరవై నాలుగు. ఏం చేసుకోను వాటిని?"

పెన్సిలు కిందకి జరిగింది. నా పేరు దగ్గరికొచ్చింది. నేను కళ్ళు మూసుకున్నాను. కాగితం మీద బరుకు చప్పుడు వినపడింది, పొట్టిగా, ఒక్కసారే. కళ్ళు తెరిస్తే నా పేరు అలాగే ఉంది. కొట్టేసింది పక్కనున్న 'అల్లుడు' అన్న మాటని.

"నాకేదో అర్థమైపోయిందనుకోకు," అన్నాడు నాన్న, ఎప్పటి కరకు గొంతుతోనే. "నాకేం అర్థం కాలేదు. షాపులో ఒక తాను గుడ్డ మిగిలింది, ఈ పేజీలో ఉన్నవాళ్ళకి తలా ఒకటి కుడదామని. రాయి ఆ ఖాళీలో."

"ఏమని రాయను నాన్నా?"

"నన్నడుగుతావేం? ఏడాది నుంచి చూస్తున్నా, నోరు తెరిచి చెప్తావేమోనని. నువ్వు చెప్పవు. మీ అమ్మా అంతే, ఏదీ చెప్పేది కాదు."

ఎవరి వల్ల చెప్పలేదో ఆయనకి తెలుసా? అడగాలనిపించింది. అదింకో రోజు అడుగుతాను, వదిలిపెట్టను. ఇప్పుడు పుస్తకం నా ఒళ్ళో, పెన్ను నా చేతిలో ఉన్నాయి. 'స్నేహితురాలు' అని రాస్తే అందరికీ బాగుంటుంది, ఎవరూ ఏమీ అనరు. భయం ఏమీ తగ్గలేదు, చెమటకి పెన్ను జారుతోంది. అలా జారుతుండగానే రాశాను: నా మనిషి. రాసింది పైకి చదివాను కూడా.

నాన్న పుస్తకం లాక్కుని చూశాడు. "అక్షరాలు వంకర," అన్నాడు. పుస్తకం మళ్ళీ నా ఒళ్ళోకి తోసి, నిచ్చెనకేసి తలెత్తి, "ఇలా వచ్చి నిలబడమ్మా. వంగకు, అంత పొడుగు దేవుడిచ్చింది వంగడానికా?" అన్నాడు. అది వచ్చి ఆయన ముందు నిటారుగా నిలబడింది. జుట్టు నుంచి నీళ్ళు నేల మీద పడుతున్నాయి.

"రాసుకో. భుజం పదహారున్నర," అన్నాడు నాన్న.

టేపు ఇంకా ఆయన మెడలోనే ఉంది.