చెరిపేసిన సున్నా

కొత్త టీచరుకి ఒక పద్ధతి ఉండేది. నవల మొదలుపెట్టగానే నల్లబల్ల మీద పాత్రల పటం గీసేది. మనిషికో సున్నా, సున్నాలో పేరు, ఎవరికెవరు ఏమవుతారో చెప్పే గీతలు. కథలో ఎవరైనా చనిపోతే ఆ సున్నాని తుడిచేసేది. గీతలు మాత్రం మొండిగా మిగిలేవి.

"పోయినవాళ్ళని మోసుకుంటూ కూర్చుంటే కథ ముందుకి సాగదర్రా" అనేది. ఆ మాట ఆమెది కాదు, వాళ్ళ నాన్నది.

ఆ ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటి మనిషి ఆమె. ఫీజులన్నీ అక్క కట్టింది, నూలుమిల్లులో నిలబడి నిలబడి. మిల్లు బస్సు బోల్తాపడి అక్క పోయాక, ఆ పేరు వింటే అమ్మకి కళ్ళు తిరుగుతున్నాయని ఇంటిల్లిపాదీ నోరు కట్టేసుకున్నారు. ఫొటో అటకెక్కింది.

ఈసారి నవలలో పెద్దకూతురు రెండో అధ్యాయంలోనే పడవ మునిగి చనిపోయింది. టీచరు ఆమె సున్నాని తడిగుడ్డ పెట్టి మరీ తుడిచింది. బల్ల ఆరేసరికి అది మళ్ళీ తెల్లగా తేలింది.

"టీచర్, పెద్దమ్మాయి వచ్చేసింది!" అని అరిచింది వసపిట్ట. ఆ పిల్ల నోరు మూతపడగా చూసినవాళ్ళు లేరు గనక క్లాసులో ఆ పేరే ఖాయమైంది.

"పాత బల్ల కదమ్మా, అంతే" అని టీచరు మళ్ళీ తుడిచింది. మళ్ళీ తేలింది. అప్పట్నుంచి క్లాసు ఖాళీగా ఉన్నప్పుడు ఆమె ఆ బల్లకేసి చూడటం మానేసింది.

పటం ఉన్నా నవల పిల్లలకి కొరుకుడు పడలేదు. పరీక్ష పేపర్లు చూసి హెడ్మాస్టారు టీచరుని గదికి పిలిపించాడు.

"మొహమాటం లేకుండా చెప్తున్నానమ్మా. రేపు నేనే వచ్చి ఒక ప్రశ్న అడుగుతా. జవాబు రాకపోతే ఆ క్లాసు ఇంకొకరికి ఇచ్చేస్తా. నీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, గుర్తుందిగా?"

అన్నట్టే వచ్చాడు. వెనక బెంచీలో కూర్చుని అడిగాడు. "ఈ నవల్లో తండ్రి రాత్రిళ్ళు తలుపు గడియ వేసుకోడు. ఎందుకర్రా?"

పిల్లలు పటం వైపు చూశారు. తండ్రి, తల్లి, చిన్నకూతురు, పక్కింటి దర్జీ. జవాబు ఉండాల్సిన చోట ఖాళీ, తుడిచినా తేలే సున్నా ఆ పూట తేలలేదు.

"గడియ ఊడిపోయింది సార్!"

"మతిమరుపు సార్!"

"దొంగలొచ్చినా ఎత్తుకెళ్ళడానికి వాళ్ళింట్లో చీపురు తప్ప ఏముంది సార్!" అంది వసపిట్ట. క్లాసంతా గొల్లుమంది. హెడ్మాస్టారు నవ్వలేదు.

"మీరు చెప్పండి టీచర్."

తెలిసిన జవాబే. ఆమె బల్ల వైపు తిరిగింది. వాళ్ళ నాన్నా గడియ వేయడు. అక్కకి సాయంత్రం షిఫ్టు ఉండేది. వచ్చేసరికి పొద్దుపోయేది, తలుపు ఓరగా ఉంచేవాడు. ఇప్పటికీ అంతే. అడిగితే "గాలి ఆడాలి" అంటాడు, ఎముకలు కొరికే చలిలో కూడా. ఇన్నేళ్ళూ ఆమె ఆ మాట నమ్మింది.

చెయ్యి దానంతటదే సుద్దముక్క అందుకుంది. ఖాళీలో సున్నా గీసింది. పేరు రాసింది. మొండి గీతలన్నీ తెచ్చి దానికి కలిపింది, తండ్రి నుంచి, తల్లి నుంచి, చెల్లెలి నుంచి.

పిల్లల చూపులు గీతల వెంట ఆ సున్నా దగ్గరికి చేరాయి.

"ఆ అమ్మాయి వస్తుందనా టీచర్?" వసపిట్ట గొంతు అంత చిన్నగా ఎప్పుడూ లేదు. "వచ్చి బయటే నిలబడిపోతుందేమోననా?"

హెడ్మాస్టారు లేచాడు. "క్లాసు మీ దగ్గరే ఉండనివ్వండి" అన్నాడు. గుమ్మం దాటబోతూ ఆగాడు. "పేరు సరిచూసుకోండి. నవల్లో పెద్దకూతురి పేరు ఇది కాదు."

టీచరు తలెత్తి చూసింది. బల్ల మీద అక్క పేరు. అక్షరాలు కూడా తనవిలా లేవు. అక్క రాసినట్టు కుడివైపుకి వాలి ఉన్నాయి.

బల్ల మీద కొత్త మాట కనబడితే అందరూ కలిసి పైకి చదవడం ఆ పిల్లలకి అలవాటు. ఎవరూ చెప్పకుండానే అందుకున్నారు. ఇంట్లో ఏ నోటా వినబడని పేరు ఒక్కసారిగా క్లాసంతా మోగింది.

టీచరు గుమ్మం వైపు తిరిగింది. పిలిచిన మనిషి పలకడానికి పట్టేంతసేపు అలాగే చూస్తూ నిలబడింది.