రెక్క కింద ముడి

రామ్‌దాస్‌కు నొప్పి మణికట్టులో. ఊళ్లో బాలింతలకు ఒళ్లు పట్టే రేణుకమ్మేమో, వీపు మీద పడింది.

"అవ్వా, సెయ్యి గుంజుతుందంటే వీపు వొత్తుతవేంది?"

"సప్పుడు జెయ్యక బోర్ల పండుకో బిడ్డా."

బోధన్ చుట్టుపక్కల చెరుకు కోతలకు మొగుడూ పెళ్లాలను జోడీగానే పెట్టుకుంటారు. మొగుడు కొట్టాలి, పెళ్లాం ఆకు ఒలిచి మోపు కట్టాలి. ఒకరు కూలబడితే ఇద్దరికీ పని పోయినట్టే. పది రోజులుగా రామ్‌దాస్ చేతిలో కత్తి నిలవడం లేదు. కూలీలను తెచ్చిన ముకద్దం కంటపడకుండా మణికట్టుకు పసుపూ సున్నమూ పట్టించి, పైన తువ్వాలు చుట్టి తిరిగాడు. నొప్పి తగ్గకపోగా చర్మం పొక్కింది. రేపు చెంచురామయ్య గారి చేనులో కోత. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఆ ఆసామి పొద్దంతా గట్టు మీదే నిలబడతాడు. దొరికిపోవడం ఖాయం.

దీంట్లో ఇంకో తిరకాసు. నీళ్లకనీ బీడీకనీ వెళ్లి రామ్‌దాస్ గట్టున చతికిలబడి వచ్చేసరికి, అతని సాలులో చెరుకు ఎవరో కొట్టి పడేసి ఉండేది. పక్క సాలు లింబయ్య దయతలిచాడేమో అనుకుని అడిగాడు. "నా సాలే నాకు ఎల్తలేదు," అన్నాడు లింబయ్య. ఎంత బుర్ర గోక్కున్నా అంతుపట్టలేదు. పెళ్లాం తారాబాయిని అడగాలని మాత్రం ఆ బుర్రకు తట్టలేదు. మగబుద్ధి మరి!

రేణుకమ్మ బొటనవేలు రెక్క ఎముక మీద తచ్చాడి ఒకచోట ఆగింది. అక్కడ కండ చింతగింజంత గట్టిగా ఉంది. నొక్కింది. రామ్‌దాస్ కెవ్వుమన్నాడు. నొప్పి లేచింది వీపులో కాదు, సరిగ్గా మణికట్టులో!

"గిక్కడ వొత్తితే గక్కడెట్ల లేస్తది? మంత్రమా?"

"మంత్రం లేదు, మన్ను లేదు. కత్తి లేపి లేపి కండ ముడి పడ్డది. ముడి గిక్కడ, నొప్పి గక్కడ. ఊపిరి ఇడువు."

వేలు తీయకుండా అలాగే పట్టి ఉంచింది. కాసేపటికి ఆ గింజ మెత్తబడింది. ఇంకో రెండుసార్లు అదే పని. రామ్‌దాస్ లేచి పిడికిలి బిగించాడు. బిగిసింది. సంతోషపడాలో, పది రోజులు ముడి లేనిచోట సున్నం పూసుకున్నందుకు సిగ్గుపడాలో తెలియలేదు.

గుడిసెకు వచ్చేసరికి తారాబాయి ఎడమచేత్తో జొన్నరొట్టె తడుతోంది. రొట్టె వంకరటింకరగా వస్తోంది. కుడిచెయ్యి ఒళ్లో ఉంది. మణికట్టుకు పసుపూ సున్నమూ.

"గదేంది?"

"ఏం లేదు. జర బెణికింది."

రామ్‌దాస్ అయోమయంగా నిలబడిపోయాడు. కత్తి పట్టేది తనైతే ఆమెకు బెణకడమేమిటి? ఏమీ తోచక ఆమె వెనక కూర్చుని రెక్క ఎముక మీద బొటనవేలు ఆనించాడు.

"సెయ్యి గుంజుతుంటే వీపు వొత్తుతవేంది?" విసుక్కుంది తారాబాయి.

చింతగింజ వేలికి తగిలింది.

"నా సాలు నువ్వే కొట్టినవా?"

"మల్ల ఎవ్వలు గొడ్తరు?"

"నాకు సెప్పద్దా?"

"సెప్తే నువ్వు గట్టున కూసుంటవా?"

రామ్‌దాస్‌కు సిగ్గేసింది. వేలు మాత్రం తీయలేదు.

"ఊపిరి ఇడువు," అన్నాడు.