పేరుకు పలికే ఆవులు

"ఏదీ, ఇవాళ నువ్వు పిలువు," అన్నాడు ముసలి కహూరే, తోలుతాడు భుజాన వేసుకుంటూ.

కంచె అవతల నలభై ఆవులు, ఇవతల వాటి దూడలు. దుమ్ము, ఈగలు, పులిసిన పాల వాసన. మొథుసి తన చేతిలోని నోటుపుస్తకం చూసి కేకేశాడు.

"ముప్ఫై రెండూ!"

ఒక్క ఆవూ తల తిప్పలేదు.

"ఇంకోసారి పిలువు. చెవుడేమో దానికి," అన్నాడు ముసలాయన, నవ్వకుండా. తర్వాత రోజూ మొదట పితికేదాన్ని చూస్తూ నాలుకతో చిన్న చప్పుడు చేసి, "గినీకోడీ, రావే తల్లీ," అన్నాడు. మందలోంచి చుక్కల ఆవు నింపాదిగా నడిచొచ్చి నిలబడింది. దూడను వదిలాడు. ఆవు పాలు చేపగానే దూడను పక్కకు లాగి, కాళ్లకు బంధం వేసి, కొయ్యచెంబు మోకాళ్ల మధ్య ఇరికించుకుని పితికాడు. అతని వేళ్లు కణుపుల దగ్గర వంకర తిరిగి ఉన్నాయి. ఆవు చెవికున్న పసుపు బిళ్ల మీది అంకె చూసి మొథుసి రాసుకున్నాడు: ముప్ఫై రెండు.

మొథుసి వచ్చి తొమ్మిది రోజులైంది. మహలాపేలో రైళ్ల చప్పుడు మధ్య పెరిగినవాడు. పనిచేసే దుకాణం మూతపడితే గాంజీ పట్నం దాటి ఈ పశువుల మకాంకు వచ్చాడు. వచ్చేటప్పుడు పదకొండు గేట్లు తీసి మూశాడు, ఒక్క మనిషి ఎదురుపడలేదు. దేవుడు కూడా మధ్యలోనే దిగిపోయి ఉంటాడనుకున్నాడు. పడక దాణాకొట్లో, ఉప్పుబస్తాల మీద. ఉన్నది ఒక్కటే రేకుల గుడిసె. అందులో కహూరే ముప్ఫై ఏళ్లుగా ఉంటున్నాడు. గుడిసె దొరికితే తప్ప మొథుసి పెళ్లాంబిడ్డల్ని తెచ్చుకోలేడు.

మధ్యాహ్నం నీళ్లతొట్టి దగ్గర కూర్చున్నారు.

"పిల్లలెంతమందిరా?"

"ఇద్దరు తాతా. నీకు?"

"పెళ్లి చేసుకోవాలంటే ఊరికి పోవాలి. పోతే వీటిని ఎవరు పితుకుతారు? అట్లా గడిచింది."

ఎండ వాలేసరికి ట్రక్కులో యజమాని వచ్చాడు, పేరు వెతూ. తండ్రి పోయాక ఈ మంద అతని చేతికొచ్చింది. నోటుపుస్తకం తిరగేసి మొథుసిని పక్కకు పిలిచాడు.

"ముసలాయనకు అంకెలు రావు. ఒక్కడివే మందను నడుపుకోగలవా?"

మొథుసి గుడిసె వైపు చూశాడు. పొద్దున్న ఒక్క ఆవూ తన మాట వినలేదని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"నడుపుకుంటానయ్యా."

"అయితే గుడిసె నీదే. అతన్ని ఇప్పుడే తీసుకుపోతా. మళ్లీ నెలదాకా బండి రాదు."

వెతూ విషయం చెప్తే కహూరే టోపీ తీసి, దాని లోపలికి చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. "మంచిది," అన్నాడు. దుప్పటి, కెటిల్ తెచ్చుకుని ట్రక్కు వెనక ఎక్కాడు.

"అబ్బాయ్, బూడిదవీపుకు ఎడమ చన్ను మీద పుండుంది. దాన్ని ఆఖర్న పితుకు."

"దాని అంకె ఎంత తాతా?" మొథుసి నోరు జారింది.

"పోయి దాన్నే అడుగు."

ట్రక్కు కదిలింది. మొదటి గేటు దగ్గర ముసలాయనే దిగి తీశాడు, మూశాడు, మళ్లీ ఎక్కాడు.

మొథుసి గుడిసె చుట్టూ తిరిగి చూసుకున్నాడు. వెనకాల తీగ మీద ముసలాయన ఉతికి ఆరేసిన చొక్కా ఉంది. మోచేయి దగ్గర పిండిసంచి గుడ్డతో మాసిక వేసుకున్నాడు. దాని మీది అచ్చు అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి.