తుంగ గండి

పాలంపేట చెరువు కాలువ కాకతీయుల నాటిది. అంత వయసు మీద పడ్డాక ఎంత రాతికట్టయినా ఎక్కడో ఒకచోట కారక మానదు. పొలాలకు నీళ్లు పంచే నీరటి కట్టయ్య ఏటా ఆ గండ్లన్నీ పూడ్చేవాడు, ఒక్కటి తప్ప.

ఆ ఒక్క గండి నీళ్లకే కింది పల్లంలో తుంగ పెరిగేది, కొంగలు వాలేవి. భర్త పోయాక బడేబీ ఆ తుంగ కోసి ఎండబెట్టి చాపలు అల్లి బతికేది. కట్టయ్యకు చూపు మందగించింది, అంత గండి కనపడదని ఊరంతా నవ్వుకునేది. అతను అవుననే అనేవాడు. మంచి చేసి గుడ్డివాడనిపించుకోవడం ఏం ఖర్మో!

ఎనభై అయిదులో వానలు మొహం చాటేశాయి. కాలువ చివర రాజమల్లు వరి పొట్ట మీద ఉండగానే వాడిపోసాగింది. అతను కాలువ వెంట నడిచొచ్చి గండి చూశాడు. తిట్టలేదు. ఎందుకు వదిలావని మాత్రం అడిగాడు. బడేబీ బతుకు కోసమని కట్టయ్య ఒప్పుకున్నాడు. పల్లంలో తుంగ కోస్తున్న బడేబీ ఆ మాట విన్నది.

"ఈ ఒక్క తడి అందకుంటె నా పిల్లలు ఏం తింటరే, అన్నా" అని రాజమల్లు వెళ్లిపోయాడు.

కట్టయ్య మట్టి పెట్టాడు. నీళ్లు ఎత్తుకుపోయాయి. గడ్డి పేని మట్టితో కలిపి కుక్కితే తప్ప అది నిలవదు. ఊళ్లో ఎండుగడ్డంతా పశువులు ఎప్పుడో తినేశాయి. మిగిలింది తుంగ ఒక్కటే. అది ఇమ్మని బడేబీని అడగడానికి అతనికి నోరు రాలేదు. ఒళ్లంతా అలసిపోయి నీళ్లలోనే కూలబడ్డాడు.

బడేబీ తుంగ మోపుతో గట్టెక్కింది.

"ఇడిసిపెడ్త చెల్లె. నాతోని గాదు" అన్నాడు కట్టయ్య.

"నీకు కండ్లు మసకైనయని నేను సుత నవ్విన అన్నా. గీ నీళ్లు అల్లా ఇడిసిండనుకున్న. నువ్వని ఎరుక లేకుండె" అని మోపు అతని ముందు పడేసింది. "దీన్ని పేను. పిల్లల నోటికాడిది గుంజి నేను చాపలల్లలేను."

ఆమె కోస్తూ ఉంటే అతను పేనుతూ కుక్కాడు. పొద్దు వాలేసరికి పల్లం బోడిదైంది. ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది. కాలువ రాజమల్లు పొలం వైపు నిండుగా కదిలింది.

చేతుల బురద కడుక్కుందామని బడేబీ అలవాటు కొద్దీ గండి కిందికి పోయి దోసిలి పట్టింది. అది చూసి కట్టయ్యకు ఏడుపు ఆగలేదు.