ఒంటె మూతికి చిక్కం

తెల్లారగానే తుఫూల్ చేసే మొదటి పని కవళ్ల చేపలు తిరగేయడం. దరీత్ ఊరి ముందు ఇసకంతా ఎండబెట్టిన కవళ్లే, కాలు పెట్టడానికి చోటుండదు. సదా పట్నం నుంచి బండ్లలో వచ్చేవాళ్లు ముక్కు మూసుకుంటారు గానీ ఊళ్లోవాళ్లకి అది కంపని తెలియను కూడా తెలియదు. తుఫూల్ పారతో వరసలన్నీ తిరగేసి, పైనుంచి దిగే పక్షుల్ని నాలుగు తిట్టి, తగరపు బేసిన్ నిండా ఎండు చేపలు ఎత్తుకుని కొండ కింది రాళ్ల దొడ్లోకి వెళ్లేది. అక్కడ గజాలా ఉంటుంది. పేరు లేడిది, మనిషి... మనిషేంటి, ముసలి ఆడ ఒంటె. బేసిన్‌లో పెడితే తింటుంది, నేల మీద పోస్తే తింటుంది, ఒకసారి సరంగు సుహైల్ తలపాగా కూడా తినేసింది. చేత్తో పెడితే మాత్రం చూసి తింటుంది. ఆ ఏడు నీళ్లలో ప్రాణం పోయేవాళ్ల చేతిలోది ముట్టదు. మొహం కొండవైపు తిప్పేసుకుంటుంది, అంతే.

దాని తల్లీ అంతే, తల్లి తల్లీ అంతే. అందుకే ఏటా సుఫైలా కాలానికి ముందు రోజు, పొద్దువాలే అసర్ నమాజు అయ్యాక, దిగబోయేవాళ్లు ఆడా మగా వరసగా నిలబడి తలా గుప్పెడు కవళ్లు చాపుతారు. సుఫైలా అంటే నీటి అడుగున బండల్ని కరుచుకుని ఉండే గుల్ల. ఏడాదికి పది రోజులే తీయనిస్తారు, ఆ పది రోజుల గుల్లలే ఏడాదంతా ఊరి తిండి. ఒంటె తిన్నదా, వెళ్లి కత్తి నూరుకుంటారు. మొహం తిప్పిందా, ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. పదేళ్ల కిందట బఖీత్ అనేవాడు మాత్రం వాదించాడు. ఒంటెకి పంటి నొప్పి, దాని మాటేంటి అన్నాడు. మూడో రోజు హాసిక్ ఒడ్డున దొరికాడు, చెవులూ పెదాలూ పీతలు తినేశాయి. ఒంటెకి పంటి నొప్పి నిజంగానే ఉందట, అది వేరే సంగతి.

మిగతా రోజుల్లో దానికి చేత్తో పెట్టే సాహసం ఎవరూ చెయ్యరు. ముందే తెలుసుకుని ఏడుస్తూ కూర్చోవడం ఎందుకని. తుఫూల్ కూడా బేసిన్ పెట్టి అవతలికి జరిగేది.

కాలం మొదలవడానికి ఇంకా పది రోజులుందనగా మబ్ఖూత్ నవ్వుకుంటూ దొడ్లోకి వచ్చాడు. మబ్ఖూత్ తుఫూల్ మొగుడు, ఇరవై రెండేళ్ల కాపురం. రెండేళ్ల కిందట మహ్రా నుంచి షమ్మా అనే పిల్లని రెండో పెళ్లి చేసుకొచ్చాడు. కొట్టేవాడూ కాదు, తిట్టేవాడూ కాదు. తుఫూల్ పరుపు మాత్రం వలల గదిలోకి పోయింది. అదేదో గాలికి ఎగిరిపోయినట్టు, ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

"విన్నావా? షమ్మాకి మూడో నెలట."

"వినకేం. నా గోడ పక్కనేగా వాంతులు చేసుకుంటోంది."

"నువ్వే చూసుకోవాలి దాన్ని. చిన్నపిల్ల."

"చూస్తాలే. నలభై ఎనిమిదేళ్లొచ్చాయి, నిన్నెవరు చూస్తారో అది ఆలోచించు."

మబ్ఖూత్ పడిపడి నవ్వాడు. సంతోషంలో ఒళ్లు తెలియలేదు. బేసిన్‌లోంచి గుప్పెడు కవళ్లు తీసి, గోడ అవతల బట్టలు ఆరేస్తున్న షమ్మా వైపు చూస్తూ, చెయ్యి ఒంటె ముందు పెట్టాడు. గజాలా ఆ చేతిని వాసన చూసింది. మొహం కొండవైపు తిప్పుకుంది. అతను చూడలేదు. కాసేపటికి చెయ్యి నొప్పి పుట్టి కవళ్లు కింద పడేసి, అరచెయ్యి బట్టకి తుడుచుకుని వెళ్లిపోయాడు. కింద పడ్డవి ఒంటె ఒక్కొక్కటే ఏరుకుని తింది.

తుఫూల్ అంతా చూసింది. గోడ పట్టుకుని కూర్చుంది. ముందు భయం వేసింది, అయ్యో అనుకుంది, కళ్లనీళ్లు కూడా వచ్చాయి. ఆ తర్వాత వచ్చింది మాత్రం సంతోషమే. తన మొగుడు చస్తాడని తెలిసి సంతోషపడే ఆడదాన్ని నేను అని గట్టిగా తిట్టుకుంది. తిట్టుకున్నా అది పోలేదు.

చస్తాడనుకోవడానికి కూడా లేదు. ముందు రోజు అందరి ఎదుటా గజాలా మొహం తిప్పుతుంది. అతను ఒడ్డున ఉండిపోతాడు, రేపు పుట్టేవాణ్ణి ఒళ్లో వేసుకుని ఆడిస్తాడు. అదీ పరవాలేదనుకుందేమో గానీ, రెండ్రోజుల తర్వాత వలల గదిలోకి వచ్చి, దూలానికి వేలాడుతున్న తోలు ఊయల దించుకుపోయాడు. కూతురు నువైర్ పెరిగిన ఊయల అది, తుఫూల్ చేత్తో కుట్టినది. "ఇది నీకెందుకు ఇప్పుడు?" అన్నాడు, మంచిగానే అన్నాడు.

ఆ సాయంత్రమే ఆమె పాత వల ముక్కతో చిక్కం అల్లింది. కాలానికి ఇంకా ఐదు రోజులుందనగా ఒంటె మూతికి కట్టింది. బేసిన్ బోర్లించేసింది. కడుపు మాడిన జంతువు చేతుల్ని చూడదు, చేపల్నే చూస్తుందని ఆమె లెక్క.

"దాని మూతి ఎందుకు కట్టావే?" అని అడిగింది పక్కింటి గబీషా.

"నోట్లో పుండు."

"పుండైతే మందు రాయాలి గానీ నోరు కట్టేస్తారా?"

"నీ మొగుడి నోరు కట్టలేకపోయావు, నా ఒంటె నోటి గోల నీకెందుకు?"

గబీషా నవ్వి ఊరుకుంది. షమ్మా మాత్రం మూడో రోజున కుండతో నీళ్లు పట్టుకొచ్చి దొడ్డి దగ్గర నిలబడింది.

"అక్కా, అది ఏడుస్తోంది."

"ఒంటెలు ఏడవవు. కంట్లో ఇసక పడితే నీళ్లు కారతాయి."

"కాసిని నీళ్లైనా పట్టనా?"

"నీ కడుపు నువ్వు చూసుకో తల్లీ, దాని కడుపు నేను చూసుకుంటా."

షమ్మా కుండ అక్కడే పెట్టి, "నీ కాళ్లు వాచాయక్కా, సాయంత్రం నూనె రాస్తాను రా" అని వెళ్లింది. నిజంగానే రాసింది కూడా. తుఫూల్ రాయించుకుంది. నాలుగో రోజుకి గజాలా మూపురం జారిపోయింది, గోడ రాళ్లు నాకుతోంది. బేసిన్ వైపు రావాలని తాడు తెంపుకోబోతే తుఫూల్ కర్రతో మోకాళ్ల మీద రెండు వేసింది. అంతకుముందు ఆ కర్ర దాని మీద ఎప్పుడూ పడలేదు.

ముందు రోజు అసర్ అయ్యాక ఊరంతా దొడ్డి దగ్గర చేరింది. పదిహేడు మంది వరసలో నిలబడ్డారు. తుఫూల్ చిక్కం విప్పింది. గజాలా మీదపడింది. సరంగు సుహైల్ చేతిలోవి నోటితో ఊడ్చేసింది, అతని తమ్ముడు ముసల్లమ్ చేతిలోవి ఊడ్చేసింది. మబ్ఖూత్ దగ్గరికొచ్చేసరికి వాసన కూడా చూడలేదు, కవళ్లతో పాటు వేలు కూడా కొరికింది. జనం గొల్లుమన్నారు.

"నీకిక నూరేళ్లు, మబ్ఖూత్. నీ వేలు కూడా రుచిగా ఉందట" అన్నాడు సుహైల్.

తుఫూల్ తల వంచుకుని తాడు సర్దుతోంది. అయిపోయింది అనుకుంది. తలెత్తి చూస్తే వరస చివర నువైర్ నిలబడి ఉంది, గుప్పెడు కవళ్లతో.

నువైర్ ఆమె ఒక్కగానొక్క కూతురు. పంతొమ్మిదేళ్లు. ఈ కాలం అవగానే హాసిక్‌లో పెళ్లి, అందుకని ఈ ఏడు నీళ్లలో కాలు పెట్టనని ఒట్టు వేసింది.

"నువ్వెందుకు ఇక్కడ?"

"నాన్నకి తాడు ఎవరు పడతారమ్మా? ఒకళ్లు దిగితే ఒకళ్లు పైన తాడు పట్టాలి కదా. చిన్నమ్మ పట్టేది, ఇప్పుడు దానికి కుదరదు. మధ్యలో నేనూ నాలుగుసార్లు మునుగుతా."

"వద్దు. వెనక్కి రా."

నువైర్ చెయ్యి చాపనే లేదు, గజాలా మెడ సాచి ఆ గుప్పెడూ లాక్కుని మింగేసింది. జనం మళ్లీ నవ్వారు. తుఫూల్ ఒంటె నోటి వైపే చూస్తోంది. ఆకలికి తిన్నదా, నీళ్ల గండం లేని చెయ్యనే తిన్నదా? ఆ ఒంటెకి తప్ప ఎవరికీ తెలియదు, ఒంటె నోరు తానే పాడుచేసింది.

ఆనవాయితీ ప్రకారం ఆడవాళ్లు బేసిన్ల కొద్దీ కవళ్లు తెచ్చి గజాలాకి విందు పెట్టారు. అందరూ వెళ్లాక తుఫూల్ కూతుర్ని చెయ్యి పట్టుకుని దొడ్లోకి లాక్కొచ్చింది.

"ఇంకోసారి పెట్టు."

నువైర్ పెట్టింది. ఒంటె మొహం తిప్పుకుంది. తుఫూల్ ప్రాణం పోయినంత పనైంది.

"కడుపు నిండిపోయిందమ్మా దానికి" అని నవ్వింది నువైర్. "ఇదిగో చూడు." దారిన పోతున్న గబీషాని పిలిచి పెట్టించింది. గబీషా ఏనాడూ నీళ్లలో దిగలేదు, దిగదు కూడా. ఆమె చేతికీ మొహం తిప్పింది. నాలుగు రోజులు మాడ్చితే అందరి చేతుల్లోదీ తిన్నది, ఒక పూట పొట్టపగల పెడితే ఎవరి చేతిలోదీ తినదు.

"రేపు వెళ్లకే నువైర్."

"ఎందుకు?"

తుఫూల్ వంగి కింద పడ్డ కవళ్లు బేసిన్‌లోకి ఎత్తింది.

"నాకు తెలుసమ్మా" అంది నువైర్, ఈసారి నవ్వకుండా. "నాన్న ఒక్కడూ దిగితే నీకు బాగుంటుంది. ఆయన మీద కోపం నా మీద చూపించకు."

తెల్లారేసరికి పిల్ల పడక ఖాళీగా ఉంది. తుఫూల్ చెప్పులు కూడా వేసుకోకుండా దొడ్లోకి పరిగెత్తింది. గజాలా నెమరు వేసి వేసి మళ్లీ ఆకలి మీద ఉంది, బేసిన్ వైపు చూస్తోంది. ఆమె ఒంటెని తాడు పట్టి ఈడ్చుకుంటూ, ఆరబెట్టిన కవళ్ల మీద నుంచే తొక్కుకుంటూ ఒడ్డుకి వచ్చింది. గుల్లలు కొనేవాళ్ల బండ్లు అప్పటికే ఇసకలో నిలబడి ఉన్నాయి. పడవలు నీళ్లలో ఉన్నాయి. నువైర్ నడుముల్లోతు నీళ్లలో, మునకకి వాడే కళ్లద్దాలు నుదుటి మీద పెట్టుకుని తండ్రి నడుముకి తాడు కడుతోంది.

"ఆగండి" అంది తుఫూల్. ఒంటెని చూసి అందరూ ఆగారు. "నిన్నటిది చెల్లదు. నేను దాన్ని నాలుగు రోజులు మాడ్చాను. పుండూ లేదు, ఏమీ లేదు. మూతికి చిక్కం కట్టి మాడ్చాను."

"ఎందుకు?" అన్నాడు సుహైల్.

ఆమె మబ్ఖూత్ వైపు చూసింది. ఇంక చెప్పాల్సిన పని లేకపోయింది. ఒడ్డున రొట్టెల మూట పట్టుకుని నిలబడ్డ షమ్మా ఆ మూట ఇసక మీద పెట్టి కూర్చుండిపోయింది.

సుహైల్ అందర్నీ పడవల్లోంచి దింపి మళ్లీ వరసలో నిలబెట్టాడు. గజాలా మొదటి చేతిలోది వాసన చూసి నిదానంగా తింది. రెండోదీ తింది. ముసల్లమ్ చేతి దగ్గర మొహం కొండవైపు తిప్పింది. సుహైల్ తమ్ముణ్ణి భుజం పట్టుకుని పక్కకి లాగాడు. మబ్ఖూత్ చేతి దగ్గరా తిప్పింది. నువైర్ చేతిలోది తిన్నది, అరచెయ్యి నాకింది కూడా. తుఫూల్ అక్కడే ఇసకలో కూలబడి ఏడ్చింది. అల్లా నా బిడ్డని నాకిచ్చాడు, ఇంకేమైనా కానీ అనుకుంది.

"నీ చెయ్యి చాపు" అన్నాడు సుహైల్.

"నేను దిగేదాన్ని కాదుగా."

"పెళ్లికి ముందు నీ అంత లోతు పోయేవాళ్లు ఈ ఒడ్డునే లేరు. చాపు."

ఆమె లేచి, కాళ్ల దగ్గరి కవళ్లు గుప్పెడు తీసి చాపింది. ఇరవై ఏళ్లు తను మేపిన ఒంటె. గజాలా ముక్కు ఆ చేతికి ఆనించి చాలాసేపు వాసన చూసింది. మొహం తిప్పేసుకుంది.

బండి ఒకటి హారన్ కొట్టింది, గుల్లల కోసం వచ్చినవాళ్లకి పొద్దెక్కిపోతోంది.

"మబ్ఖూత్ చోటు ఖాళీ అయింది" అన్నాడు సుహైల్. "పడవ బరువు సరిపోవాలి, ఎక్కు."

తుఫూల్ మొగుడి వైపు చూసింది. అతను నడుముకున్న తాడు విప్పుతున్నాడు. ముడి తడిసి బిగుసుకుపోయింది, దాంతోనే కుస్తీ పడుతున్నట్టు తలెత్తలేదు. ఇంత జనంలో షమ్మా ఒక్కతే, "వద్దు, అక్కని వదిలెయ్యండి" అంది. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు.

నువైర్ తండ్రి చేతిలోంచి తాడు తీసుకుంది. తల్లి దగ్గరికి వచ్చి నడుము చుట్టూ తిప్పి, రెండు ముళ్లు వేసింది, గట్టిగా లాగి చూసింది. నుదుటి మీది కళ్లద్దాలు తీసి తల్లి తలకి తొడిగింది, చిన్నప్పుడు తుఫూల్ ఆమెకి జడ వేశాక సర్దినట్టే వెంట్రుకలు పక్కకి సర్దింది.

"తాడు నేనే పడతాలే అమ్మా" అంది. "పద."

తుఫూల్ పిడికిలి విప్పి నీళ్లలోకి నడిచింది. ఆ చేతిలోంచి కింద పడ్డ కవళ్లని గజాలా వంగి ఒక్కొక్కటే ఏరుకుని తింది.