పదిహేడో నంబరు ఎవరు?

"పదిహేడో నంబరు ఎవరు?"

గ్రాంటు కమిటీ గదిలో ఉన్న ఐదుగురిలో చివర కూర్చున్నాయన అడిగిన మొదటి ప్రశ్న అదే. పరిశోధకురాలు ఒళ్లోని సంచిని దగ్గరికి లాక్కుంది.

మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేతికొచ్చి ఏడాది. కొత్త పరిశోధకులకిచ్చే ఈ గ్రాంటు వస్తే రెండేళ్ల పని. రాకపోతే నెలాఖరుకి యూనివర్సిటీలో బల్ల ఖాళీ చెయ్యాలి. కళ్లెదుట ప్రమాదం ఉన్నా పనివాళ్లు నోరెందుకు విప్పరన్నదే ఆమె అంశం. ఒక బట్టల ఫ్యాక్టరీలో నలభై ఇద్దరి చేత నోరు విప్పించడానికి ఎనిమిది నెలలు పట్టింది. రిపోర్టులో వాళ్లంతా నంబర్లే. ఏ నంబరు ఎవరిదో చెప్పే జాబితా ఒక్కటే ఉంది. చేత్తో రాసింది, ఆమె సంచిలో ఉంది. ఆరు నెలలయ్యాక మళ్లీ అదే మనుషుల్ని కలవాలి. జాబితా లేకపోతే పరిశోధనే లేదు.

పదిహేడో నంబరు చెప్పిన మాట: "వెనక తలుపుకి బయట తాళం వేస్తారు. మంటలొస్తే మా పని అంతే."

ప్రశ్న వేసినాయన ఆ ఫ్యాక్టరీ మేనేజరు. గ్రాంటు సొమ్ములో సగం వాళ్ల యజమానిదే.

"పేరు చెప్పమ్మా. పిలిచి అడుగుతాం. తప్పుంటే సరిచేస్తాం."

"తలుపు తియ్యడానికి తాళంచెవి కావాలి సార్. పేరెందుకు?"

ఎవరో పొడిగా దగ్గారు. పక్కనే కూర్చున్న ఆమె గైడు చెవిలో గొణిగాడు. "మొండికెయ్యకు, ఇచ్చెయ్."

"వాళ్లకి మాటిచ్చాను సార్."

"ఆ మాట నీకు అన్నం పెడుతుందా?"

కమిటీ అధ్యక్షురాలు కలం మూత తీసింది. "జాబితా ఇక్కడ పెట్టండి. ఇప్పుడే సంతకం చేస్తాను."

"మా దగ్గర భద్రంగా ఉంటుంది," అన్నాడు మేనేజరు.

"తాళం వేసి ఉంచుతారా?"

ఆయన మొహం మాడిపోయింది. ఆమె సంచిలోంచి జాబితా తీసింది. గైడు హమ్మయ్య అనుకునేలోపే దాన్ని నిలువునా, అడ్డంగా చింపి, ఎదురుగా ఉన్న నీళ్ల గ్లాసులో ముంచేసింది. సిరా కరిగి నీళ్లు నీలంగా మారాయి.

"పదిహేడు ఎవరో నీకు గుర్తుంటుందిగా!" అని మేనేజరు కుర్చీలోంచి లేచాడు.

"బాగా గుర్తుంది. చెప్పించుకోండి చూద్దాం."

అధ్యక్షురాలు కలం మూత పెట్టేసింది. "మీ పరిశోధనని మీ చేత్తో మీరే చంపుకున్నారు. గ్రాంటు లేదు."

"మళ్లీ ఒకటో నంబరు నుంచి మొదలెడతాను మేడమ్."

ఆమె సంచి భుజాన వేసుకుంది. గైడు తలుపు దాకా వెంటపడ్డాడు. "ఎక్కడికే తల్లీ, ఈ ఊపులో?"

"అగ్నిమాపక శాఖ ఆఫీసుకి. ఐదింటిదాకా తెరిచే ఉంటుంది. ఫిర్యాదు కింద ఎవరిదో ఒకరి పేరుండాలట సార్, నాది రాస్తాను."