ఒంటె కాలు

ఆ నాలుగు కాళ్ల క్రేన్‌ని క్వారీలో అందరూ ఒంటె అనేవారు. చక్రాలు దిగబడిపోయే బురదలో కూడా అడుగు తీసి అడుగు వేయగలదనే దాన్ని కొన్నారు. కానీ మేడంత ఎత్తున క్యాబిన్‌లో కూర్చుని నడిపే వదినకు దాని పాదాలు కనిపించవు. అందుకే కింద మరిది ఉండేవాడు. పాదం పడబోయే చోట నేలను గునపంతో పొడిచి చూసి, ఇనపకాలి మీద దానితోనే కొట్టేవాడు: ఒక్క దెబ్బ అంటే కాలు నిలబెట్టమని, రెండంటే ఎత్తమని. ఆ దెబ్బ పైన ఆమె అరికాళ్లకు తెలిసేది. దెబ్బ పడకుండా కాలు కదపకూడదు.

"నేల పొడవకుండానే కొడుతున్నావురా, నాకు తెలుస్తోంది," అంది ఆ ఉదయం రేడియోలో. ఆమె కాపురానికి వచ్చేనాటికి నిక్కర్లు తొడుక్కునేవాడు వాడు.

"ఈ దారి నాకు కొట్టిన పిండి వదినా. కళ్లు మూసుకుని నడిపిస్తాను."

"కళ్లు మూసుకుంటే నిద్రొస్తుంది. పొడిచి చూడు."

"అన్నయ్య నిన్నెలా భరిస్తున్నాడో!"

"నోరు మూసుకుని. నువ్వూ నేర్చుకో."

మధ్యాహ్నం క్వారీ అడుగున ఊట పొంగింది. చిక్కుకున్న కూలీలను క్రేన్‌కు వేలాడే ఇనప బోనులో ఎక్కించి పైకి లాగమని మేస్త్రీ కేకలు పెట్టాడు. ఒంటె గబగబా అంచుకు నడిచింది. మరిది చకచకా దెబ్బలు కొట్టాడు. కాళ్లన్నీ నిలిచాయి. బోను నిండా మనుషులతో గాల్లోకి లేచింది.

అప్పుడు ముందు ఎడమకాలి కింద నేల పెంకులా పగిలింది. ఒంటె ఒరిగి, దేనికో తగిలి ఆగింది. అక్కడ పూడిపోయిన పాత కాలువ ఉంది. పొడిచి ఉంటే గునపం సర్రున దిగేది.

"ఏరా, ఎక్కడున్నావు?"

రేడియోలో మేస్త్రీ గొంతు పలికింది. "కాలువలో పడ్డాడమ్మా. నడుం దాకా పాదం కిందే ఉన్నాడు."

ఆమె చెయ్యి లివరు మీదికి పోయింది. ఎత్తితే ఒంటె బోనుతో సహా క్వారీలో పడుతుంది. తెలుసు. అయినా చెయ్యి వెనక్కి రాలేదు.

అరికాళ్లకు తగిలింది. ఒక్క దెబ్బ. నిలబెట్టు.

ఆమె చెయ్యి తీసేసింది. బోనును గట్టు వైపు తిప్పసాగింది. తిప్పేకొద్దీ బరువు ఆ కాలి మీదికే వస్తోంది. ఆ బరువు ఎవరి మీద పడుతోందో తెలిసీ తిప్పింది. ఆమె తటపటాయించినప్పుడల్లా కింద నుంచి దెబ్బ. ఒక్కటే. మొదట గట్టిగా, తర్వాత తలుపు తట్టినట్టు, ఆ తర్వాత గోరు తగిలినట్టు.

బోను గట్టు మీద ఆనింది. కూలీలు దిగి కాలువ దగ్గరికి పరుగెత్తారు.

"ఇక కొట్టరా," అంది ఆమె. "రెండు కొట్టు. ఎత్తేస్తాను."

కాలువ చుట్టూ చేరినవాళ్లు ఒక్కొక్కరే టోపీలు తీశారు.

"ఇక ఎత్తమ్మా," అన్నాడు మేస్త్రీ, ఎప్పుడూ లేనంత మెల్లగా.

ఆమె ఎత్తలేదు. నిచ్చెన దిగి వచ్చింది. వాడి మొహం మీది మట్టి కొంగుతో తుడిచింది. వేళ్లు ఒక్కొక్కటే విడదీసి గునపం తీసుకుంది. పాదం చుట్టూ నేలను పొడిచి చూసింది, ఎక్కడా వదలకుండా.

ఆ తర్వాత ఇనపకాలి మీద రెండు దెబ్బలు కొట్టి, మళ్లీ నిచ్చెన ఎక్కింది.